ఆరో కారణం

వెనక సీటు హ్యాండిలు తిరగదు. తిప్పినా తిరగదు, బతిమాలినా తిరగదు. అది పట్టుకోవడానికే తప్ప ఎటైనా పోవడానికి కాదు. అయినా ప్రూఫమ్మ రోజూ పొద్దున్న ఎనిమిదింబావుకి రెండు చేతులకీ గ్లౌజులు తొడుక్కుని, మణికట్ల దగ్గర పట్టీలు బిగించుకుని, విమానం నడపబోయే మనిషిలా దాన్ని పట్టుకుని కూచునేది.

"బయల్దేరదామా పైలట్‌గారూ?" అనేది ముందు సీట్లోంచి వదిన.

బ్రేకులు, బెల్లు, గుంతలు, దారికడ్డొచ్చిన వాళ్ళని తిట్టడం వదిన శాఖ. వెనక మనిషిది తొక్కుడు శాఖ ఒక్కటే. రెండు సీట్లూ రెండు జతల పెడళ్ళూ ఉన్న ఆ పొడుగు సైకిలు అసలు అన్నయ్యది. అతనికి తెల్లవారుజాము షిఫ్టు పడ్డాక, వంటిల్లూ బట్టల తాడూ వచ్చినట్టే ముందు సీటు కూడా వదినకే వచ్చింది. నాలుగు నెలలైంది. మిగతావాటి మీద వదిన సణుగుతుంది గానీ, ఈ ఒక్కదాని మీద ఇంతవరకూ సణగలేదు.

ప్రూఫమ్మకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. బ్రెయిల్ ప్రెస్సులో, అచ్చు వెయ్యబోయే ముందు కాగితం మీది చుక్కల్ని వేళ్ళతో చదివి తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ప్రెస్సులో పెట్టిన పేరు ఆవిడ వెంటే ఇంటికొచ్చి, అసలు పేరుని బ్యాంకు పుస్తకంలోకి నెట్టేసి, సొంత మనిషిలా స్థిరపడిపోయింది.

ఆ బుధవారం సిగ్నల్ దగ్గర ప్రెస్సు వ్యాను వచ్చి పక్కనే ఆగింది. దాని ఇంజను గొంతు ప్రూఫమ్మకి బాగా తెలుసు, జలుబు చేసిన మేకలా ఉంటుంది.

"ప్రూఫమ్మగారూ, ఇవాళ్టి కారణం?" అన్నాడు డ్రైవరు కిటికీలోంచి.

ఇది వాళ్ళిద్దరి మధ్య రోజువారీ వ్యవహారం. వెనక కూచునే మనిషికి గ్లౌజులెందుకని అతను అడగాలి, ఆవిడ రోజుకొకటి చెప్పాలి. సోమవారం నాడు, వేలిముద్రలు దొరక్కుండా అంది. నిన్న, వదినతో దెబ్బలాటైతే గోళ్ళు దిగకుండా అంది.

"ఇవాళ నా చేతులకి సిగ్గేస్తోందయ్యా" అంది ప్రూఫమ్మ. "నువ్వలా రోజూ చూస్తుంటే మరి?"

వ్యాన్లో నలుగురైదుగురు నవ్వారు. అసలు కారణం ఆవిడ ఎవరికీ చెప్పదు. పడి వేలికొస ఒక్కటి గీరుకుంటే వారం రోజులు అక్షరం ముక్క చదవలేదు. అది చెబితే జనం జాలిపడతారు. వెంట మోసుకుపోవాలంటే జాలి కన్నా నవ్వు తేలిక.

పచ్చదీపం పడినట్టుంది, వదిన కాలు పెడలు మీద బలంగా పడింది. చర్చి దాటాక, తారు పాడైపోయి సైకిలంతా గడగడలాడే చోట, ముందు భాగం కుడివైపు ఒక్క క్షణం తేలికైంది. వదిన ఒక చెయ్యి తీసిందన్నమాట. ఇనప గొట్టం గుండా వెనక సీటు దాకా రాని కబురుండదు.

"ఎవరికి వదినా చెయ్యూపుతున్నావు?"

"నా అభిమానులకి."

"పొద్దున్నించీ ఇది నాలుగోసారి."

"అభిమానులు పెరిగిపోతుంటే నేనేం చెయ్యను? అందరికీ ఊపాలిగా, లేకపోతే పొగరంటారు."

ఆ సాయంత్రం కప్పు పగిలింది.

ప్రూఫమ్మ ముందు గదిలో చెప్పుల పట్టీ విప్పుకుంటూంది. టీ మరిగిన వాసన, చెంచా చప్పుడు, ఆ తర్వాత గచ్చు మీద భళ్ళుమని. ముక్కల్లో ఒకటి దొర్లుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"అయిదు" అంది అమ్మ.

అరవలేదు. అమ్మ అరిస్తే భయం లేదు, లెక్క చెబితేనే భయం. ఆవిడకి ఆ కప్పులంటే ప్రాణం. పనికిరాని ప్రూఫు కాగితాలు మందంగా ఉంటాయని కూతురి చేత తెప్పించి అల్మారా అరల్లో పరిచి, వాటి మీద కప్పుల్ని వరసగా బోర్లిస్తుంది. చుక్కల కాగితం మీద కప్పు జారదని ఆవిడ కనిపెట్టిన సంగతి.

"ఈ నెల్లోనే అయిదు. మొన్న నూనె సీసా. అంతకుముందు నా కళ్ళజోడు పెట్టె. అమ్మాయ్, నీ ధ్యాస ఎక్కడుంటోందే?"

వదిన వైపు నుంచి చీపురు చప్పుడు మాత్రం వినిపించింది. మాటకి మాట నిమిషం కూడా బాకీ ఉంచని మనిషి నోరు మూసుకుంటే ఇల్లు బోసిగా ఉంటుంది.

"పోనీలే అమ్మా, జారింది" అంది ప్రూఫమ్మ.

"జారిందనే అంటున్నాను. కప్పు నిలవని చేతిలో నా కూతురు నిలుస్తుందా? రోడ్డు మీద లారీలున్నాయి." అమ్మ టీ ఒక గుక్క తాగి తీర్పు చెప్పింది. "సోమవారం ఒకటో తారీఖు. ఆ రోజు నుంచి నువ్వు వ్యానులో వెళ్ళు. డ్రైవరుతో నేను మాట్లాడతాను. ఆ సైకిలు మీ అన్నయ్య సెలవున్నప్పుడు తొక్కుకుంటాడు."

"వ్యాను ఊరంతా తిప్పి తీసుకెళ్తుందమ్మా. గంటన్నర!"

"తిప్పనీ. విరక్కుండా చేరతావు."

చీపురు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది.

ప్రూఫమ్మ గిన్నెలు తుడిచే వంకతో వంటింట్లోకి వెళ్ళింది. వదిన సబ్బు నురగలో గిన్నెలు తోముతోంది. ఎప్పుడూ ధనధనలాడించే మనిషి, ఇవాళ ఒక్కొక్క గిన్నెనీ నిద్రపోతున్న పిల్లని పడుకోబెట్టినట్టు పక్కన పెడుతోంది.

"కోపమొచ్చిందా?"

"ఎందుకు? కప్పులు ఆవిడవి, కూతురు ఆవిడది. నాదేం పోయింది, తొక్కే బాధ తప్పింది." కాసేపు నీళ్ళ చప్పుడు. "ఆడపడుచు అర్ధమొగుడంటారు. అసలు మొగుడు తెల్లారకుండా పోతాడు, అర్ధమొగుణ్ణి నేను లాక్కుపోతాను. ఇక మీదట ఇద్దరి పీడా విరగడ."

"నిజంగా?"

వదిన కుళాయి కట్టేసింది.

"పొద్దున్న నిన్ను దింపి రావడానికి నలభై నిమిషాలు, సాయంత్రం తీసుకురావడానికి నలభై నిమిషాలు. అంతసేపూ అదెక్కడుంది, ఇదెక్కడుందని నన్నెవరూ అడగరు. అడిగినా గాలికి వినపడదు. అంతేలే."

"మరి కప్పు ఎలా జారింది వదినా? నిజం చెప్పు."

"కప్పులకి కాళ్ళొచ్చాయి" అంది వదిన, కుళాయి మళ్ళీ తిప్పి.

మర్నాడు ప్రెస్సులో కొత్త పని వచ్చింది. రోడ్డు భద్రత మీద ప్రభుత్వం ఒక పుస్తకం వేసింది. ప్రతి ప్రభుత్వ పుస్తకమూ బ్రెయిల్లో కూడా రావాలని ఇంకెప్పుడో ఒక ఉత్తర్వు వేసింది. ఈ రెండూ ఎక్కడో ఒక బల్ల మీద ఎదురుపడ్డాయి గాబోలు, 'సైకిలు నడిపేవారికి సూచనలు' అనే పుస్తకం చూపులేని వాళ్ళ కోసం మూడు వందల ప్రతులు అచ్చుకి వచ్చింది.

మాస్టారు నవ్వీ నవ్వీ కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన బడిలో పదవీ విరమణ చేసి ఈ ప్రెస్సులో చేరారు. మామూలు అచ్చు పుస్తకం ఆయన పైకి చదువుతుంటే, ప్రూఫమ్మ చుక్కల కాగితం మీద వేళ్ళు నడుపుకుంటూ వెంట వస్తుంది. తేడా దొరికితే కాగితం అంచున గుండుసూది గుచ్చుతుంది. పదకొండేళ్ళుగా వాళ్ళిద్దరూ ఇలా ఒకరు నోరు, ఒకరు వేళ్ళుగా కాపురం చేస్తున్నారని ప్రెస్సులో హాస్యం.

"మొత్తం దేశంలో ఈ పుస్తకం పనికొచ్చే మనిషివి నువ్వొక్కదానివే ప్రూఫమ్మా. నీ ఒక్కదాని కోసం మూడు వందల ప్రతులు. మహారాణివి!"

"చదవండి మాస్టారూ. మహారాణికి ఆలస్యమవుతోంది."

బ్రేకులు, దీపాలు, గాలి కొట్టడం అయ్యాయి. పదకొండున్నరకి నాలుగో అధ్యాయం. 'చేతి తొడుగులు ధరించడానికి 7 కారణాలు.' ప్రూఫమ్మకి నవ్వొచ్చింది. వ్యాను డ్రైవరుకి రెండు వారాలకి సరిపడా సరుకు.

కింద పడినప్పుడు అరచేతులు గీరుకుపోవు. చెమటకి పట్టు జారదు. మాస్టారు బడిగొంతుతో చదువుకుంటూ పోతున్నారు, ఆవిడ ఎడమచెయ్యి వరస మొదలు పట్టుకుని ఉంటే కుడిచెయ్యి చుక్కల మీద జారుకుంటూ పోతోంది. చలి. ఎండ. అయిదు, బొబ్బలు లేవకుండా మెత్త కలిగిన తొడుగులు తప్పక ధరించాలి.

"ఆరు" అన్నారు మాస్టారు. "హ్యాండిలు మీద ఎక్కువకాలం బరువు మోపితే అరచేతి అంచున ఉన్న నరం నొక్కుకుపోయి చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. పట్టు సడలి చేతిలోని వస్తువులు జారిపోతాయి. కనుక మెత్త కలిగిన తొడుగులు తప్పక..."

"ఆగండి."

"ఏమైంది?"

"ఇది నా దగ్గర లేదు. అయిదు తర్వాత ఏడుంది."

మాస్టారు వంగి చూశారు. "అయిదూ ఆరూ ఒక్కలాగే ముగిశాయి. అచ్చు పలక కొట్టినవాడి కన్ను అయిదు మీద నుంచి ఏడు మీదకి దూకేసింది. గుచ్చు సూది."

ప్రూఫమ్మ గుచ్చలేదు. సూది రెండు వేళ్ళ మధ్య అలాగే ఉంది.

"ఆ ముక్క మళ్ళీ చదవండి మాస్టారూ."

ఆయన మళ్ళీ చదివారు. వస్తువులు జారిపోతాయి. అయిదు కప్పులు, ఒక నూనె సీసా, ఒక కళ్ళజోడు పెట్టె. సైకిలు గడగడలాడగానే కుడివైపు ఒక్క క్షణం తేలిక. తిమ్మిరి దులుపుకోవడానికి విదిలించే చెయ్యి, అభిమానులకి ఊపే చెయ్యి వెనక సీటుకి ఒక్కలాగే తెలుస్తాయి. రోజుకి ఎనభై నిమిషాలు, నాలుగు నెలలు, ఇద్దరి బరువూ తన అరచేతుల్లోంచి మోసిన మనిషి ముందు కూచుంటే, తిరగని హ్యాండిలు పట్టుకున్న తను వెనక గ్లౌజులు తొడుక్కుని రోజుకో జోకు వేసింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నారు మాస్టారు.

"ఒంట్లో బానే ఉంది" అని ప్రూఫమ్మ సూది గుచ్చింది. కొంచెం లోతుగానే దిగింది.

మేనేజరు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. బ్రెయిల్ పలకలు జింకు రేకులు. వాటి మీద ఒక చుక్క ఎక్కువైతే చిన్న సుత్తితో అణిచెయ్యొచ్చు. ఒక పేరా తక్కువైతే మాత్రం రేకు కొత్తగా కొట్టాలి, దాని తర్వాతవీ జరపాలి.

"రేపు అచ్చుకెక్కాలమ్మా. ఎందుకంత గోల? చూడండి, ఏడు అంటే నాలుగు చుక్కల చదరం. కింద కుడిమూల చుక్క అణిచేస్తే ఆరు. పైన 'ఏడు కారణాలు' అన్న చోట ఒకటి, ఇక్కడొకటి. రెండు దెబ్బలు. ఆరు కారణాలు చాలవా ఏమిటి గ్లౌజులకి?"

"ఉన్నవి ఏడు కదండీ."

"ఉంటే ఉన్నాయి. చూపులేనివాళ్ళ సైకిలు పుస్తకం, చదివేదెవరు చెప్పండి?"

మాస్టారు దగ్గారు. ప్రూఫమ్మకి జవాబు నాలిక దాకా వచ్చింది గానీ, అది ఇంటి సంగతి. "రేపు పొద్దున్న దాకా సుత్తి వెయ్యనివ్వకండి సార్" అని మాత్రం అడిగి, ఆ ప్రూఫు కాగితం మడత పడకుండా సంచిలో పెట్టుకుంది.

తిరుగుదారిలో ఎవరికి చెయ్యూపావని అడగలేదు. లెక్క మాత్రం పెట్టింది. తొమ్మిది.

ఇంట్లో అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. అన్నయ్య నిద్ర లేచి వార్తలు వింటున్నాడు. వదిన మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

అమ్మకి మనిషి చెబితే అనుమానం, పుస్తకం చెబితే నమ్మకం. చీమలకి మందు దగ్గర్నుంచి ఆవిడ అచ్చులో ఉన్నదే చేస్తుంది. మాస్టారు చదివారంటే, మాస్టారికేం తెలుసు అంటుంది. ప్రూఫమ్మ కాగితం తీసి ఒళ్ళో పరుచుకుంది.

"అమ్మా, ఇవాళ ఒక తమాషా పుస్తకం వచ్చింది, విను." చదవడం మొదలుపెట్టింది. చెమటా, చలీ, ఎండా అయ్యాయి. బఠాణీలు గిన్నెలో టకటకా పడుతున్నాయి. బొబ్బలు కూడా అయ్యాయి. వరస చివరికి వచ్చింది. దాని కింద నాలుగు చుక్కల చదరం, ఏడు.

పదకొండేళ్ళలో లేని చుక్కని ఉందని ఆవిడ ఏనాడూ చదవలేదు.

"ఆరు" అంది. "హ్యాండిలు మీద ఎక్కువకాలం బరువు మోపితే..." మొత్తం చెప్పింది, ఒక్క మాట పొల్లుపోకుండా, మాస్టారి బడిగొంతుతో సహా. నరం, చిటికెనవేలు, ఉంగరపువేలు, చేతిలోంచి జారిపోయే వస్తువులు.

గిన్నెలో బఠాణీల చప్పుడు ఆగిపోయింది. అన్నయ్య వార్తలు కట్టేశాడు.

"అది అందులో లేదు" అంది అమ్మ.

"ఏమిటమ్మా?"

"ఆరోది. అందులో లేదు."

"నీకు బ్రెయిల్ రాదు కదే!"

"నాకు చుక్కలు రావు. నీ వేళ్ళు వచ్చు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. అయిదు దాకా నీ వేళ్ళు ముందు నడిచాయి, నోరు వెనక నడిచింది. ఆరు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి, నోరొక్కటీ పోయింది. నాకే అబద్ధం చదువుతున్నావా?"

ప్రూఫమ్మకి చెవులు వేడెక్కాయి. తప్పులు పట్టడమే ఉద్యోగమైన మనిషి పట్టుబడితే ఎలా ఉంటుందో ఆవిడకి అప్పటిదాకా తెలీదు. పలక, దూకిన కన్ను, రెండు సుత్తిదెబ్బలు, మేనేజరు అడిగిన మాట, ఇనప గొట్టం గుండా తనకి తెలిసిన తేలిక, అన్నీ చెప్పేసింది.

"అమ్మాయ్" అని పిలిచింది మేడ మెట్ల వైపు తిరిగి. "ఇలా రా."

వదిన బట్టల మూటతో దిగొచ్చింది. "ఏం పగిలింది అత్తయ్యా? నేను పైన ఉన్నాను, నాది కాదు."

"మూట కింద పెట్టు. చెయ్యియ్యి. కుడిది. కళ్ళు మూసుకో."

"ఇప్పుడు కళ్ళెందుకు మూసుకోవడం?"

"మూసుకోమన్నానా? ఇదేవేలు?"

అమ్మ చెంచా మొనతో వేళ్ళు తాకుతున్నట్టుంది. వదిన కాసేపు ఆలోచించింది. "నడిమి వేలు."

"ఇది?"

"అది... అదే వేలు. కాదా? మీరు ముట్టుకున్నారా అసలు?"

అమ్మ చెంచా కింద పెట్టేసింది. ప్రూఫమ్మ చెయ్యి చాచి, తడుముకుని, వదిన అరచెయ్యి అందుకుంది. రోజుకి వేల అక్షరాలు ముట్టుకునే వేళ్ళు ఆ చేతిని నాలుగు నెలల్లో ఒక్కసారీ చదవలేదు. బొటనవేలి మొదట్లో కాయ, అంచు పొడుగునా బొబ్బ చితికి గట్టిపడిన చర్మం. చదివించుకోవాలని ఆ చెయ్యీ ఎన్నడూ ఎదురు రాలేదు.

"చెప్పవేం?" అన్నాడు అన్నయ్య. ముందు సీటు బరువేమిటో ఆ ఇంట్లో ముందు తెలిసుండాల్సింది అతనికే. అందుకే గొంతు చిన్నదైపోయింది.

"చెబితే సైకిలు ఆపేస్తారని" అంది వదిన. "చెప్పకపోయినా ఆపేశారనుకోండి. చెప్పుకుని పోగొట్టుకోవడం కన్నా ఇదే మర్యాదగా ఉందిలెండి."

అమ్మ బఠాణీల గిన్నె దగ్గరికి లాక్కుంది. రెండు కాయలు ఒలిచింది.

"ధ్యాస లేదన్నాను నిన్ను" అంది. ఇంతకన్నా ఆవిడ క్షమాపణ చెప్పదు, చెప్పినా ఎవరూ నమ్మరు. "ఒరేయ్, రేపు డాక్టరుకి చూపించు. సైకిలు హ్యాండిలు ఇంత పైకి ఎత్తు, బరువు చేతుల మీద పడకుండా. అమ్మాయికీ గ్లౌజులు తీసుకురా, దూది బాగా ఉన్నవి."

"వ్యానో?" అంది ప్రూఫమ్మ.

"ఏ వ్యాను?" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్న అన్నయ్య షిఫ్టుకి పోయే ముందే హ్యాండిలు నాలుగు వేళ్ళెత్తు పైకి లేపి బిగించిపోయాడు. దుకాణం తెరిచే వేళ కాదు గనక కొత్త గ్లౌజులు రాలేదు. ప్రూఫమ్మ తన గ్లౌజులు వదిన చేతులకి తనే తొడిగి, పట్టీలు బిగించింది.

"మరి నీ వేళ్ళో? చదివే వేళ్ళు" అంది వదిన.

"నాకు అమ్మ ఏర్పాటు చేసింది."

అమ్మ ఏర్పాటు, అన్నయ్య ఊలు మేజోళ్ళు. మోచేతుల దాకా వచ్చాయి. వదిన సందు చివరి దాకా నవ్వుతూనే తొక్కింది. సైకిలు కాస్త వంకర్లు పోయింది గానీ, అది తిమ్మిరి వల్ల కాదు.

సిగ్నల్ దగ్గర జలుబు మేక వచ్చి ఆగింది. డ్రైవరు మామూలు ప్రశ్న అడగబోయి, మింగేసి, "అమ్మగారూ, చేతులకి మేజోళ్ళా?" అన్నాడు.

"కాళ్ళకి అలవాటైపోయాయి. చేతులు అలిగాయి."

"ఇవాళైనా అసలు కారణం చెప్పండమ్మా!"

"ఆరోది. పుస్తకం అచ్చయ్యాక చదివించుకో."

ప్రెస్సులో మేనేజరు సుత్తి పట్టుకుని పలక ముందే ఉన్నాడు. మాస్టారు పక్కన నిలబడి వాతావరణం గురించి, చిన్నప్పటి చదువుల గురించి మాట్లాడి మాట్లాడి ఆయన్ని ఆపుతున్నారు.

"ఏమాలోచించారు ప్రూఫమ్మగారూ? చదివేదెవరని అడిగాను నిన్న."

"మా అమ్మ చదివింది సార్."

"ఆవిడకి బ్రెయిల్ వచ్చా?"

"ఒక్క చుక్క రాదు. అయినా ఆరు దగ్గర ఖాళీ ఉందని ఆవిడే పట్టుకుంది. చుక్కలు రాని మనిషికే దొరికిన తప్పుని వచ్చినవాళ్ళ చేతుల్లో ఎలా పెడతాం చెప్పండి? నా పేరుకే మచ్చ."

మేనేజరు ఆవిడ మొహం వైపు చూశాడో, మేజోళ్ళ వైపు చూశాడో తెలీదు. తర్వాత సుత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు.

"మాస్టారూ, ఆ లైను పలకవాడి దగ్గర కూచుని పైకి చదవండి. కన్ను దూకకుండా."

మధ్యాహ్నం మూడింటికి కొత్త ప్రూఫు వచ్చింది, చుక్కలు బాగా లేవడానికి తడిపిన కాగితం ఇంకా చెమ్మగా. ప్రూఫమ్మ వేళ్ళు అయిదు దాటి కిందకి దిగి, ఆరు మీద ఆగి, నరం మీదుగా, చిటికెనవేలు మీదుగా, జారిపోయే వస్తువుల మీదుగా నడిచి చివర దాకా వెళ్ళాయి. కింద ఏడు, నాలుగు మూలలా నిండుగా ఉంది. సూది పెట్టెలోనే ఉండిపోయింది.

సాయంత్రం చర్చి దగ్గర, తారు పాడైన చోట, సైకిలు గడగడలాడింది. ముందు భాగం కుడివైపు ఒక్క క్షణం తేలికైంది.

ప్రూఫమ్మ ముందుకి వంగింది. "వదినా? తిమ్మిరా?"

"కాదు" అంది వదిన గాలిలోకి. "ఎదురుగా వ్యాను పోతోంది. వ్యానంతా మన వైపే చూసి ఊపుతున్నారు. నువ్వూ ఊపు, లేకపోతే పొగరంటారు."

ప్రూఫమ్మ తిరగని హ్యాండిలు వదిలేసి, మేజోడు తొడిగిన చెయ్యి పైకెత్తి ఊపింది.